విడవని పట్టీ

ఆ రోజు ఉదయం మొహియుద్దీన్ వేసుకున్న పథకంలో అంబులెన్సు ఎక్కడా లేదు. చేపలమ్మే చిట్టమ్మ వస్తుంది. కొత్త పట్టీ బిగించిన సంచి భుజాన వేసుకుని సీతమ్మధార వెళ్లి చేపలు ఇచ్చేస్తుంది. సాయంత్రం జాలరిపేట మహిళా సంఘం వాళ్లని షాపుకి వెంటబెట్టుకొస్తుంది. వాళ్లు పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి, తమకూ ఇలాంటివే కావాలంటారు. అంతే.

పాతనగరంలో మొహియుద్దీన్ కుట్టిన స్కూలు సంచులు ఒకప్పుడు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. ఇప్పుడు జనం ఫోన్లోనే బ్యాగులు కొనుక్కుంటున్నారు. అవి చిరిగి, జిప్పులు ఊడాక మాత్రం అతని దగ్గరికి తెస్తున్నారు. వీధిలో పిల్లలు అతన్ని ‘జిప్పుల సాయిబు’ అనడం మొదలుపెట్టారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అతనికి మధ్యాహ్నం అన్నం సహించేది కాదు. అలాంటి రోజుల్లో చిట్టమ్మ ఒక పెద్ద ఐసు సంచి మోసుకుంటూ వచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచీ నెత్తిమీద చేపల గంప మోసిన మనిషి. మెడ ఎముకలు అరిగిపోయాయనీ, ఇక తలమీద బరువు పెట్టొద్దనీ డాక్టరు చెప్పాడట. భుజానికి తగిలించుకుందామని సంచి కొంటే, దాని సన్నటి పట్టీ కాస్తా భుజాన్ని కోసేస్తోందట.

మొహియుద్దీన్ వెడల్పాటి పట్టీ కుట్టాడు. లోపల మెత్తటి ఫోము పెట్టాడు. మామూలు మనిషైతే అక్కడితో ఆపేసేవాడు. కానీ చిట్టమ్మ గడపగడపకీ కూర్చుంటుంది, లేస్తుంది. కూర్చున్నప్పుడు పట్టీ పొడవు కావాలి, లేచినప్పుడు పొట్టి కావాలి కదా అని అతనికి తోచింది. అలాంటి పట్టీ కార్లలో ఉంటుంది. పాత కార్లు విప్పి అమ్మే దుకాణానికి వెళ్లి, ఒక సీటు బెల్టును అది చుట్టుకునే స్ప్రింగు డబ్బాతో సహా తెచ్చాడు. డబ్బాని సంచి పక్కన బిగించాడు. మూత ఎగిరిపోకుండా బెల్టుని మూత మీదుగా తిప్పాడు. కొక్కెమంటూ పెడితే ఎక్కడో ఓ చోట ఊడుతుందని, అసలు కొక్కెమే లేకుండా రెండు కొసలూ తోలు దారంతో కుట్టేశాడు.

“మరి తియ్యడం ఎలాగండీ?” అని అడిగింది భార్య గులాబ్ బీ.

“తల మీంచి ఏసుకున్నది తల మీంచే వత్తాది. అందులో ఏటుంది?” అన్నాడు మొహియుద్దీన్.

అనుకున్నట్టే చిట్టమ్మ వచ్చింది. రేవు నుంచి తెచ్చిన పెద్ద వంజరం చేపనీ, చందువల్నీ, ఐసునీ, చేపలు కోసే కత్తిపీటనీ సంచిలో సర్దింది. ఆ రోజు సీతమ్మధారలో సూర్యకాంతమ్మగారింట వియ్యాలవారి భోజనం. కూతురి పెళ్లయ్యాక వాళ్లు ఆ ఇంటికి రావడం ఇదే మొదలు. వియ్యపురాలికి వంజరం పులుసంటే ప్రాణమని తెలిసి, సూర్యకాంతమ్మ మూడు రోజులుగా చిట్టమ్మకి ఫోను చేస్తూనే ఉంది.

చిట్టమ్మ సంచి వైపు అనుమానంగా చూసింది. “సాయిబన్నా, ముందల నువ్వేసుకో. నాను సూత్తాను. మెడ ఎలాగూ పోయింది. భుజం కూడా పోతే తగిలించుకోడానికి నా కాడ ఇంకేటీ నేదు.”

మొహియుద్దీన్ నవ్వి సంచి వేసుకున్నాడు. కూర్చున్నాడు. బెల్టు సాఫీగా సాగింది. లేచాడు. బెల్టు ‘సర్ర్’మంటూ లోపలికి పోయింది.

“ఓలమ్మా! పాములాగ నోపలికెల్లిపోతన్నాది!” అంది చిట్టమ్మ నోరు తెరిచి.

ఆ తెరిచిన నోరే కొంప ముంచింది. “ఇదేటి చూశావు? రన్నింగ్ బస్సు దిగినా కదలదు,” అంటూ మొహియుద్దీన్ బస్సు దిగినట్టు ఒక్క గంతు వేశాడు.

డబ్బాలో ‘టక్’మని చప్పుడైంది.

అతను పట్టీని తల మీంచి తియ్యబోయాడు. రాలేదు. గట్టిగా లాగాడు. ఇంకా గట్టిగా పట్టేసింది. కారు ఒక్కసారిగా ఆగినా, పక్కకి ఒరిగినా బెల్టుని బిగబట్టడమే ఆ డబ్బా పని. గంతు దెబ్బకి పక్కకి తిరిగి, మొహియుద్దీన్ నడుం దగ్గర వాలుగా వేలాడుతున్న ఆ డబ్బాకి తానున్న కారు బోల్తా పడుతోందనే అనిపించి ఉండాలి. పైగా దానిది ఒకవైపు బేరం. అతను ఊపిరి వదిలినప్పుడు పొట్ట లోపలికి పోతే, ఆ కాస్త జాగానీ గుంజుకునేది. ఊపిరి పీల్చినప్పుడు మాత్రం తిరిగి ఇచ్చేది కాదు.

గులాబ్ బీ పెద్ద కత్తెర తీసుకొచ్చింది. “కదలకండి. ఒక్క నిమిషం.”

“ముట్టుకోకు!” మొహియుద్దీన్ గోడకి అతుక్కుపోయాడు. “సాయంత్రం సంఘం వాళ్లకేటి చూపిత్తాను? ముక్కలా?”

“ఊపిరాడక మొహం నల్లబడిపోతోంది కదండీ!”

“ఇది కోసీసేవంటే రేపట్నుంచి మళ్లీ జిప్పులే. కాసేపాగు. అదే వదుల్తాది.”

చిట్టమ్మ ఫోను మోగింది. సూర్యకాంతమ్మ గొంతు షాపంతా వినిపించింది. “ఎక్కడున్నావే? మసాలా నూరి పెట్టుకుని కూర్చున్నాను! వాళ్లు బయల్దేరిపోయారట!”

“వచ్చీసేనమ్మా, దార్లోనే ఉన్నాను!” అంది చిట్టమ్మ కుట్టు మిషను పక్కనే నిలబడి. ఫోను పెట్టేసి సంచి మూత లాగి చూసింది. బెల్టు మూత మీదుగా బిగుసుకుపోయి ఉంది. వేలు కూడా దూరలేదు. చేపలు లోపల, కత్తిపీట లోపల, మొహియుద్దీన్ బయట. ముగ్గురూ ఒకే కట్టు.

“అన్నా, ఆ ఇల్లు పోతే నా బతుకు పోయినట్టే. సేపలు రాకపోతే నువ్వే రా,” అంది.

ఆటోలో మొదటి స్పీడు బ్రేకరు దగ్గర డబ్బా ‘టక్’మంది. జగదాంబ దాటేసరికి నడుం దగ్గరుండాల్సిన సంచి పక్కటెముకల దాకా ఎక్కింది. ఆశీల్‌మెట్ట దగ్గరికొచ్చేసరికి చంక కింద చేరి పసిపిల్లాడిలా కరుచుకుంది. కరుగుతున్న ఐసు నీళ్లు అతని పంట్లాం మీదుగా కారి ఆటోలో మడుగు కట్టాయి. ఆటోవాడు అద్దంలో చూసి తల తిప్పుకున్నాడు.

“చిట్టమ్మా,” అన్నాడు మొహియుద్దీన్, ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి ఖర్చుపెడుతూ. “ఒక్కటి మాత్రం... ఒప్పుకో. భుజమ్మీద... బరువు తెలీడం లేదు.”

“బరువెలాగ తెలుస్తాది అన్నా? నువ్వే దాన్నోపలికి ఎల్లిపోతన్నావు కదా!”

సీతమ్మధారలో అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ గురువులు ఇద్దర్నీ ఆపాడు. చిట్టమ్మ అతనికి తెలుసు. ఆమె పక్కన సంచిని వాటేసుకుని, చెమటలు కక్కుతూ, మాట్లాడకుండా నిలబడ్డ మనిషే తెలీదు.

“సంచి ఇక్కడ పెట్టీసి ఎల్లు బాబూ. బయటోళ్లని పైకి పంపొద్దన్నారు.”

మొహియుద్దీన్ తల అడ్డంగా ఊపాడు.

“పెట్టవేటి? నోపలేటుందేటి?”

మూడో అంతస్తు బాల్కనీలోంచి సూర్యకాంతమ్మ తొంగిచూసింది. “చిట్టమ్మా! చేపలు పైకి తేకుండా అక్కడేం చేస్తున్నావు?”

“ఎలాగ తెమ్మంటారమ్మా? ఈ సాయిబన్న కాడున్నాయి! విడవడం నేదు!” అని అరిచింది చిట్టమ్మ.

విడవనిది పట్టీ అని చెప్పడం ఆమె మర్చిపోయింది. సూర్యకాంతమ్మకి మాత్రం మొత్తం అర్థమైపోయింది. తన వంజరం మీద ఎవరో కన్నేశారు. చెంగు బొడ్లో దోపుకుని మెట్లు దిగి వచ్చింది.

“ఏమయ్యా, ఎవరింటికి మాటిచ్చావు? మూడు రోజుల కిందట నేను చెప్పిన చేప అది! మర్యాదగా ఇస్తావా, ఇవ్వవా?”

“ఇవ్వాలనే ఉందమ్మా,” మొహియుద్దీన్ గాలి కూడదీసుకున్నాడు. “కానీ... విడవదు.”

“విడవవా! నా ఇంటి ముందు నిలబడి నా మొహమ్మీదే విడవనంటావా!”

చిట్టమ్మ ఇద్దరి మధ్యకీ దూరి, డబ్బా సంగతీ, బెల్టు సంగతీ చెప్పేసరికి నాలుగు బాల్కనీల్లో జనం పోగయ్యారు. సంగతి విన్నాక సూర్యకాంతమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఇంత చిన్న విషయానికి ఇంత గొడవా అన్నట్టు చూసి, గబగబా పైకి వెళ్లి, కూరగాయల కత్తి పట్టుకుని దిగింది.

ఆ కత్తి చూడగానే మొహియుద్దీన్‌కి ఎక్కడ లేని ఊపిరీ వచ్చింది. “వద్దమ్మా! కొయ్యొద్దు! మీకు దణ్ణం పెడతాను, కొయ్యొద్దు!”

“అరనిమిషం పనయ్యా! ఆగు!”

అతను ఆగలేదు. ఆగివున్న కారు చుట్టూ తిరిగాడు. సూర్యకాంతమ్మ కత్తితో వెనకే తిరిగింది. అడుగడుక్కీ డబ్బా ‘టక్ టక్’మంటూ బిగుస్తోంది. ఎవరు దొంగో, ఎవరిని పట్టుకోవాలో తేలక గురువులు ఈల మాత్రం గట్టిగా ఊదాడు. ఆ ఈల తమ కోసమే అనుకుని ఒక తెల్ల కారు గేటు దాటి లోపలికొచ్చి సరిగ్గా వాళ్ల ముందు ఆగింది. అందులోంచి వియ్యాలవారు దిగారు.

పట్టుచీర కట్టుకున్న వియ్యపురాలు మొదట కత్తిని చూసింది. తర్వాత దాన్ని పట్టుకున్న చేతిని చూసింది. ఆఖరున మొహం చూసింది.

“రండి వదినగారూ, రండి,” అంది సూర్యకాంతమ్మ కత్తిని వీపు వెనక్కి దాస్తూ. “ప్రయాణం బాగా జరిగిందా?”

సరిగ్గా అప్పుడే మొహియుద్దీన్ కాళ్లు మడతపడి కూలబడ్డాడు. వియ్యంకుడు పరుగున వెళ్లి పట్టుకున్నాడు. “ఏమైంది బాబూ? ఎక్కడ నొప్పి?”

“ఇక్కడ... పట్టేసింది,” మొహియుద్దీన్ గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. “ఎడమ భుజం... ఊపిరి...”

వియ్యంకుడి అన్నగారు కిందటేడు గుండెపోటుతోనే ఆసుపత్రి పాలయ్యాడు. దాంతో వియ్యంకుడికి ఇంకే లక్షణమూ అక్కర్లేకపోయింది. “గుండె! గుండెపోటు! అంబులెన్సు పిలవండి! సంచి అలాగే ఉంచండి, అతన్ని కదపొద్దు!”

“కాదు బాబూ, అది బెల్టు...” అని చిట్టమ్మ అనబోతే, “నువ్వూరుకోమ్మా, ఇలాంటప్పుడు ఒక్కో నిమిషం విలువైనది,” అని కసిరాడు. వీధి చివర ప్రైవేటు అంబులెన్సు నడిపే దాలయ్య వ్యాను వెంటనే వచ్చింది. మొహియుద్దీన్‌ని సంచితో సహా స్ట్రెచరు మీదికి ఎత్తారు. చేపలు తనవి కాబట్టి చిట్టమ్మ ఎక్కింది. భోజనం తనది కాబట్టి సూర్యకాంతమ్మ కత్తి గురువులు చేతిలో పెట్టి తనూ ఎక్కింది.

“చూశారా!” వియ్యపురాలు కళ్లు ఒత్తుకుంది. “ముక్కూ మొహం తెలీని మనిషి కోసం వంటింటి చీరతోనే ఎక్కేసింది. ఎంత మనసండీ వదినగారిది!”

వ్యాను సైరను మోగిస్తూ బయల్దేరింది. జనం గోల వెనకబడి, సైరను మధ్యలో మొహియుద్దీన్ ఊపిరి చప్పుడు వినిపించింది. అది ఊపిరిలా లేదు, తుప్పు పట్టిన తలుపులా ఉంది. పెదాలు నీలంగా మారుతున్నాయి. చిట్టమ్మ అతని చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. ఐసు వల్లో, మరి దేనివల్లో ఆమెకి తెలియలేదు.

మొహియుద్దీన్‌కి ఇప్పుడు పట్టీ మీద బెంగ లేదు. సంఘమూ గుర్తులేదు. కత్తెర పట్టుకుని నిలబడ్డ గులాబ్ బీ ఒక్కతే కళ్లముందు కదిలింది. ఆమె మాట వినుంటే ఈపాటికి షాపులో కూర్చుని టీ తాగుతూ ఉండేవాడు. పోతే పోయింది, కోసెయ్యమని చెప్పాలి. పెదాలు కదిపాడు.

“కొ... కొయ్...”

చిట్టమ్మ చెవి దగ్గర పెట్టి వింది. విని భోరుమంది. “కొయ్యొద్దంటన్నాడమ్మా! పేణం పోతన్నా పట్టీ కొయ్యొద్దంటన్నాడు!”

మొహియుద్దీన్ కళ్లు పెద్దవయ్యాయి. తల అడ్డంగా ఊపాడు.

“సూడండి, మళ్లీ వద్దంటన్నాడు!”

“వద్దంటే ఊరుకోడమేమిటే! ఏదైనా ఇవ్వవయ్యా కొయ్యడానికి!” సూర్యకాంతమ్మ ముందుకి వంగి డ్రైవరు సీటుని బాదింది. ఆమె గొంతులో ఇప్పుడు వంజరం లేదు, నిజమైన భయమే ఉంది.

“వెనకాల ఏటీ లేదమ్మా! గట్టిగా పట్టుకోండి, మలుపొస్తంది! ఆ స్ట్రెచరు బెల్టులు పనిచెయ్యవు!” అని అరిచాడు దాలయ్య.

వ్యాను మలుపు తిరిగింది. స్ట్రెచరు మీద కట్టీ కట్టని మొహియుద్దీన్ సంచితో సహా కుడిపక్కకి దొర్లి గోడకి కొట్టుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లూ ఒక్కసారే కేక పెట్టారు.

ఆ కేకలో కలిసిపోయి ‘టక్’మని చిన్న చప్పుడైంది.

పక్కకి దొర్లడంతో ఇంతసేపూ వాలుగా ఉన్న డబ్బా నిటారుగా నిలబడింది. బోల్తాపడ్డ కారు లేచి నిలబడిందని దానికి నమ్మకం కుదిరినట్టుంది. బెల్టు సాఫీగా, ఏ తప్పూ ఎరగనట్టు సాగింది. మొహియుద్దీన్ గుక్కెడు గాలి పీల్చాడు. ఆ పీల్పుకి వ్యానులో మిగిలినవాళ్లకి గాలి చాలదేమో అనిపించింది. చిట్టమ్మ గభాలున పట్టీని అతని తల మీంచి లాగేసింది.

మొహియుద్దీన్ లేచి కూర్చుని ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు. సూర్యకాంతమ్మ కళ్లు తుడుచుకుని, నెమ్మదిగా సంచి మూత ఎత్తింది. ఐసు సగం మిగిలే ఉంది. వంజరం వెండిలా మెరుస్తోంది.

“బాగున్నావా నాయనా?” అని మొహియుద్దీన్‌ని అడిగింది. అతను తలూపాడు. ఆమె డ్రైవరు వైపు తిరిగింది. “బండి వెనక్కి తిప్పు.”

“అదేటమ్మా, పేషెంటు?”

“బతికే ఉన్నాడు. వెనక్కి తిప్పి సైరను వెయ్యి. పులుసు ఉడకడానికి టైము పడుతుంది.”

అపార్టుమెంటు దగ్గర జనం ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. సైరనుతో వెళ్లిన వ్యాను ఇంత తొందరగా తిరిగి రావడం చూసి అందరి మొహాలూ పాలిపోయాయి. గురువులు టోపీ తీశాడు. వెనక తలుపు తెరుచుకుంది. ముందు సూర్యకాంతమ్మ దిగింది. తర్వాత దాలయ్యా, చిట్టమ్మా స్ట్రెచరుని చెరోవైపు పట్టుకుని దింపారు. దాని మీద ఐసు సంచి ఉంది. దాని వెనక, తడిసిన పంట్లాంతో, మొహియుద్దీన్ నడిచి వచ్చాడు. వియ్యంకుడు మొక్కబోయిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక, ఆఖరికి చప్పట్లు కొట్టాడు. భోజనం ఆలస్యమైంది గానీ, వియ్యపురాలు పులుసు మారు వడ్డించుకుంది.

మొహియుద్దీన్ షాపుకి చేరేసరికి సంఘం ఆడవాళ్లు అప్పటికే బల్లమీద కూర్చుని ఉన్నారు. గులాబ్ బీ అతన్ని పైనుంచి కిందదాకా చూసి మంచినీళ్లు ఇచ్చింది. చిట్టమ్మ జరిగింది జరిగినట్టు, అతను కారు చుట్టూ తిరిగిన తీరు నటించి మరీ చెప్పింది. ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. మొహియుద్దీన్ తలొంచుకుని కత్తెర తీసుకున్నాడు. తోలు దారం తనే కోశాడు. డబ్బా ఊడదీసి మూలకి విసిరాడు. మిగిలిన వెడల్పాటి పట్టీని సంచికి కుట్టి, ఒక మామూలు కొక్కెం పెట్టి చిట్టమ్మ చేతికిచ్చాడు.

చిట్టమ్మ సంచి భుజాన వేసుకుంది. కూర్చుంది, లేచింది, వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. “ఇంతే కదన్నా నాకు గావాల్సింది! దీనికి ఇంత కతేటి? మెత్తగున్నాది,” అంది. సంఘం వాళ్లు తమకూ అలాంటివే కుట్టమన్నారు. అతను అనుకున్నట్టే అంతా జరిగింది. తను గొప్పగా కనిపెట్టిన భాగం ఒక్కటే మూల పడి ఉంది. సంతోషించాలో ఏడవాలో అతనికి తెలియలేదు.

వాళ్లు వెళ్తూండగా షాపు ముందు దాలయ్య వ్యాను ఆగింది.

“బావా, ఆ డబ్బా ఉందా, పారేసేవా?”

“ఎందుకు? అది మంచిది కాదు. ఒక్క కుదుపొస్తే పట్టుకుంటాది, ఇంక విడవదు.”

“విడవనిదే నాకు గావాల! నా బండిలో మలుపు మలుపుకీ పేషెంట్లు జారిపోతన్నారు. నువ్వూ దొర్లావు కదా, సూసేవు కదా! నాకూ, మా స్టాండులో మిగతా బళ్లకీ బిగించీ.”

మొహియుద్దీన్ మూలనున్న డబ్బాని తీసి, దుమ్ము తుడిచి, దీపం దగ్గర పెట్టి చూశాడు. ఉదయం నుంచి మొదటిసారి అతని మొహంలోకి రంగు వచ్చింది. గులాబ్ బీ మాత్రం కత్తెర పక్కన పెట్టకుండా, ఊడదీసే మీట లేకుండా ఏదీ షాపు గడప దాటడానికి వీల్లేదని చెప్పింది. ఈసారి అతను ఎదురు చెప్పలేదు.

ఇప్పుడు సీతమ్మధార చుట్టుపక్కల తిరిగే చాలా అంబులెన్సుల్లో మొహియుద్దీన్ పట్టీలే ఉన్నాయి. కట్టుకున్నవాళ్లలో ఒక్కరు కూడా ఇంతవరకూ భుజం నొప్పి అనలేదు.